పాత ల్యాప్‌టాప్ నుంచి కొత్తదానికి మారుతున్నాను, మనవాళ్ల సలహా కావాలి

నరసన్నపేట – స్టుట్‌గార్ట్:
అన్నలకు, అప్పలకు నమస్కారం. ఈ మధ్యే జర్మనీకి ఎం.ఎస్.కి వచ్చాను. ఊరి నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ విండోస్ 10ది, 11 ఎక్కదంటోంది. ఇక్కడ కొత్తది కొన్నాను. పైథాన్, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఉబుంటు, నాన్నగారి బియ్యం మిల్లు ఉత్తరాలు, లెక్కలు అన్నీ పాతదాంట్లోనే ఉన్నాయి. ఎలా మార్చుకోవాలి? అయ్యాక పాతది ఫార్మాట్ చేసి ఊళ్లో తమ్ముడికి ఇచ్చేద్దామని ఉంది.

టెక్కలి – మ్యూనిక్:
తమ్ముడూ, ఫార్మాట్ మాట అప్పుడే ఎత్తకు. ముందు నీ ఇండియా సిమ్ పనిచేస్తోందా చెప్పు. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఎలాగైనా వస్తాయి, లాగిన్లు రావు.

నా సంగతి విను. ఛార్జింగ్ ఎక్కడం లేదని ల్యాప్‌టాప్ ఒక సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. వాళ్లు ఒక్క మాట చెప్పకుండా మదర్‌బోర్డు మార్చేశారు. ఇంటికొచ్చి ఆన్ చేస్తే నీలం తెర, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగింది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఖాతా తెరుద్దామంటే కోడ్ ఊరి నంబర్‌కి పోతోంది, ఆ నంబర్ అప్పటికే కంపెనీ ఆపేసింది. మళ్లీ సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తాను. కౌంటర్లో ఆవిడ నేను సంతకం పెట్టిన కాగితం తిప్పి, వెనకాల జర్మన్‌లో ఉన్న సన్న అక్షరాల మీద వేలు పెట్టింది. డేటాతో తమకు సంబంధం లేదట. ఖాతాలో ఫోను, ఈమెయిలు వివరాలు మొత్తం మారిస్తే మైక్రోసాఫ్ట్ 30 రోజులు ఆగమంటుంది. ఆ నెలంతా థీసిస్ అందులోనే ఇరుక్కుపోయింది.

అందుకని ఈ రాత్రే బిట్‌లాకర్ కీ కాగితం మీద రాసి పెట్టుకో. గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటు రికవరీ కోడ్‌లు ప్రింట్ తీసుకో. ప్రతి ఖాతాకీ జర్మనీ నంబర్ కలుపు. మిగతాది రేపైనా చేసుకోవచ్చు.

బొబ్బిలి – బెర్లిన్:
టెక్కలి అన్న చెప్పింది నిజం, కానీ అడిగినదానికి జవాబు ఎవరో ఒకరు చెప్పాలి కదా. విండోస్‌లో ప్రోగ్రాములు వేసే కమాండ్ వింగెట్, పాతదాంట్లో దాని ఎక్స్‌పోర్ట్ కొడితే ప్రోగ్రాముల జాబితా ఫైలుగా వస్తుంది, కొత్తదాంట్లో ఇంపోర్ట్ కొట్టు. వింగెట్‌కి తెలియనివి చేత్తో వేసుకోవాలి. వీఎస్ కోడ్‌లో సెట్టింగ్స్ సింక్ ఆన్ చేస్తే ఎక్స్‌టెన్షన్లతో సహా వచ్చేస్తుంది. ఉబుంటుని డబ్ల్యూఎస్‌ఎల్ ఎక్స్‌పోర్ట్‌తో ఒకే టార్ ఫైలు చేసి తెచ్చుకో. ఇంపోర్ట్ అయ్యాక నీ పేరుతో కాక, అన్ని అధికారాలుండే రూట్ యూజర్‌తో తెరుచుకుంటుంది, కంగారుపడకు. లోపల ఈటీసీ ఫోల్డర్లో డబ్ల్యూఎస్‌ఎల్ కాన్ఫ్ ఫైలుంటుంది, అందులో నీ పేరు డిఫాల్ట్‌గా రాస్తే సరిపోతుంది.

విండోస్ వైపు ఉన్న పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ని (ప్రాజెక్టు ప్యాకేజీలు విడిగా ఉండే ఫోల్డర్) మాత్రం కాపీ చెయ్యకు, అది పాత ఫోల్డర్ల దారే వెతుక్కుంటుంది. పిప్ ఫ్రీజ్ కమాండ్‌తో ప్యాకేజీల జాబితా తీసి కొత్తగా కట్టుకో. గిట్‌హబ్‌కి పాస్‌వర్డ్ బదులు వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీ కూడా కొత్తది చేసి, పాతది గిట్‌హబ్‌లోంచి తీసేయ్. గిట్‌హబ్‌కి పుష్ చెయ్యని బ్రాంచీలు, గిట్‌లోకి ఎక్కించని ఎన్వ్ ఫైళ్లు (రహస్య సెట్టింగులుండేవి) ఒకటికి రెండుసార్లు చూసుకో.

రాజాం – ఫ్రాంక్‌ఫర్ట్:
ఇంత శ్రమ ఎందుకు? డిస్క్ మొత్తం ఉన్నదున్నట్టు కొత్తదానికి క్లోన్ చేసేస్తే గంటలో పని అయిపోతుంది. నేనెప్పుడూ అంతే.

బొబ్బిలి – బెర్లిన్:
అన్నా, క్లోన్ చేస్తే కొత్త మెషీన్‌లోకి మళ్లీ విండోస్ 10 ఏగా వచ్చేది? దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పైగా ల్యాప్‌టాప్‌తో కంపెనీ ఇచ్చిన ఓఈఎం విండోస్ లైసెన్సు ఆ మదర్‌బోర్డుతోనే ముడిపడి ఉంటుంది. పాత డ్రైవర్లు కొత్తదానికి ఎందుకు?

రాజాం – ఫ్రాంక్‌ఫర్ట్:
సరే, లైసెన్సు విషయం ఒప్పుకుంటాను. డిస్క్ ఇమేజ్ (మొత్తం డిస్క్ నకలు) ఒకటి తీసి బయట హార్డ్‌డిస్క్‌లో దాచుకోవడం మాత్రం తప్పనిసరి. ఏదైనా మర్చిపోతే అందులోంచి తీసుకోవచ్చు.

పార్వతీపురం – కొలోన్:
తమ్ముడూ, కీబోర్డు చూశావా? జర్మన్ కీబోర్డులో వై, జెడ్ తారుమారుగా ఉంటాయి. పాస్‌వర్డ్‌లో ఆ అక్షరాలుంటే లాగిన్ తెర దగ్గరే ఆగిపోతావు. కోడ్ రాసేటప్పుడు మీసాల బ్రాకెట్లకి ఆల్ట్‌జీఆర్ నొక్కి 7, 0 కొట్టాలి. నచ్చకపోతే ఇప్పుడే తిరిగిచ్చేయ్.

రాజాం – ఫ్రాంక్‌ఫర్ట్:
అవును, ఎక్కడ కొన్నా 14 రోజుల్లో తిరిగివ్వొచ్చు, అది చట్టం.

పార్వతీపురం – కొలోన్:
కాదు అన్నయ్యా. ఆ 14 రోజుల హక్కు ఆన్‌లైన్‌లో కొన్నవాటికి. షాపుకెళ్లి కొంటే వాళ్లు ఒప్పుకుంటేనే.

నరసన్నపేట – స్టుట్‌గార్ట్:
షాపులోనే కొన్నాను అప్పా. సెట్టింగుల్లో యూఎస్ కీబోర్డు పెట్టుకుంటాను. కోడ్‌లన్నీ ప్రింట్ తీశాను అన్నా. నాన్నగారి ఉత్తరాలు మాత్రం కొత్తదాంట్లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

పార్వతీపురం – కొలోన్:
అవి అను ఫాంట్లలో టైప్ చేసినవై ఉంటాయి. అను అన్ని మెషీన్లలో కనబడే యూనికోడ్ కాదు, ఆ ఫాంట్ లేని మెషీన్‌లో తెలుగు కనబడదు. పాతది బతికుండగానే ఒక్కో ఉత్తరం పీడీఎఫ్ చేసుకో, మళ్లీ దిద్దాల్సినవి యూనికోడ్‌లోకి మార్చుకో. మార్చాక ఒత్తులు, అంకెలు చదివి సరిచూడు. మిల్లు లెక్కలు ట్యాలీలో ఉంటే డేటా బ్యాకప్ తీసి, లైసెన్సు పాతదాంట్లో సరెండర్ చేశాకే కొత్తదాంట్లో యాక్టివేట్ చెయ్యి.

టెక్కలి – మ్యూనిక్:
ఒక నెల కొత్తదాంట్లోనే పనిచెయ్యి. పాతది ముట్టుకోవలసిన అవసరం రాకపోతే అప్పుడు ఫార్మాట్ చేసి పంపు. పార్సిల్ వద్దు, లిథియం బ్యాటరీతో తలనొప్పి. సంక్రాంతికి నేను విశాఖ వస్తున్నాను, నాది ఇక్కడే వదిలేసి నీది క్యాబిన్ బ్యాగులో తెస్తాను. మనిషికి ఒక ల్యాప్‌టాప్‌కే కస్టమ్స్ సుంకం ఉండదు.