1991–92 బుందెస్‌లీగా: వారం వారం పాయింట్ల పట్టిక తయారీకి సాయం కావాలి

జర్మనీ ఏకీకరణ తర్వాత, అక్కడి అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్ బుందెస్‌లీగాకు మొదటి సీజన్ ఇది. తూర్పు నుంచి హాన్సా రోస్టాక్, డైనమో డ్రెస్డెన్ చేరడంతో 20 జట్లు, ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు, మొత్తం 380. ఒక్కో రౌండ్ ముగిశాక పట్టిక ఎలా ఉందో స్ప్రెడ్‌షీట్‌లో కట్టాలి.

అప్పట్లో గెలుపుకు 2 పాయింట్లే. పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా, అదీ సమానమైతే కొట్టిన గోల్స్. వరుసకు వాడుతున్న సూత్రం: పాయింట్లు × 10,00,000 + (గోల్స్ తేడా + 500) × 1,000 + కొట్టిన గోల్స్. 500 కలపకపోతే మైనస్ తేడా ఉన్న జట్ల పాయింట్ల అంకె చెడిపోతుంది.

చివరి పట్టిక సరిగ్గానే వస్తోంది: స్టుట్‌గార్ట్ 52 (62:32), డోర్ట్‌మండ్ 52 (66:47), ఫ్రాంక్‌ఫర్ట్ 50 (76:41). అందరి పాయింట్ల మొత్తం 760. చివరి రోజు ముందు ఈ మూడూ 50 దగ్గరే ఉన్నాయి, గోల్స్ తేడాతో ఫ్రాంక్‌ఫర్ట్ పైన. రోస్టాక్‌లో 1–2తో ఓడకుండా గెలిచి ఉంటే టైటిల్ వాళ్లదే. ఎంత గొప్ప ముగింపో!

చిక్కంతా మధ్యలో. వాయిదా పడ్డ మ్యాచ్‌ని రౌండ్ నంబరు కింద వేస్తే ఒక పట్టిక, ఆడిన తేదీ కింద వేస్తే ఇంకొకటి వస్తుంది.

అప్పటి కికర్ (జర్మన్ ఫుట్‌బాల్ పత్రిక) సంచికలు దగ్గరున్నవారు ఏ మ్యాచ్‌లు ఏ తేదీకి జరిగాయో చెప్పగలరా? ఆనాటి పత్రికలు ఆడిన మ్యాచ్‌లనే లెక్కేసి పట్టిక అచ్చు వేశాయా? ఒక్క రౌండ్ పేజీ ఫొటో పెట్టినా చాలు, సరిపోల్చుకోవచ్చు.