అవిసె పువ్వు ఏ రంగు?

మా అమ్మాయికి కృష్ణాష్టకం నేర్పుతూ రెండో శ్లోకం మొదట్లోనే ఆగిపోయాను. "అతసీపుష్పసంకాశం" అంటే ఏంటమ్మా అని అడిగింది. నా దగ్గరున్న చిన్న పుస్తకంలో "అవిసె పువ్వు వంటి మేనికాంతి గలవాడు" అని ఉంటే అదే చదివి చెప్పాను. అది వెంటనే కిటికీలోంచి పెరట్లోకి చూసి, "అవిసె పువ్వు తెల్లగా కదా ఉంటుంది? కృష్ణుడు తెల్లగా ఉంటాడా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. మా చెట్టుకి పూసేవి నిజంగానే తెల్ల పూలు. ఎర్ర పూలు పూసే రకం కూడా ఉందని తెలుసు గానీ, దాంతోనూ పని జరగదు. నల్లనివాడు తెల్లవాడో ఎర్రవాడో ఎలా అయ్యాడు? పుస్తకంలో అచ్చుతప్పా? అతసి అంటే అవిసె కాదా? తెలిసినవాళ్లు చెప్పండి.

బోటనీ మాస్టారు:
పుస్తకంలో తప్పు లేదమ్మా. మీ అమ్మాయి ప్రశ్నలో అంతకన్నా లేదు. తెలుగులో అవిసెలు రెండున్నాయి.

మీ పెరట్లోది సెస్బేనియా గ్రాండిఫ్లోరా. కంది, చిక్కుడు, వేరుశెనగల కుటుంబంలోది. చింతాకులాగే ఈనెకి రెండు వైపులా జతలు జతలుగా చిట్టి ఆకులు, 10 నుంచి 20 జతల దాకా ఉంటాయి. కాయలు సన్నగా మూరెడు పొడుగున వేలాడతాయి. గబగబా పెరుగుతుంది, ఎక్కువ కాలం బతకదు. తమలపాకు తోటల్లో తీగ పాకడానికి నాటేది దీన్నే. ఆకుకూరగా వండేదీ దీని ఆకే. చేదు ఉంటుంది, ఎర్రపూల రకంలో ఇంకాస్త ఎక్కువంటారు. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ 1753లో దీన్ని రొబీనియా గ్రాండిఫ్లోరా అన్నాడు. తర్వాత పేరులో మొదటి మాట మారింది గానీ గ్రాండిఫ్లోరాని కదపలేదు. పెద్ద పువ్వుది అని అర్థం. ఆ పువ్వుని చూసినవాడెవడూ ఆ మాట తీసెయ్యలేడు లెండి.

శ్లోకంలోది లైనమ్ యుసిటాటిసిమమ్. నడుము దాకా పెరిగే చిన్న మొక్క, ఒక్క పంటకాలంలో దాని పని అయిపోతుంది. ఐదు రేకుల నీలి పువ్వు. పొద్దున విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి రేకులు రాల్చేస్తుంది. అందరూ ఒమేగా త్రీ కోసం తింటున్న అవిసె గింజలు దీనివే. కాడలోంచి తీసిన నారతో నేసేది లినెన్.

రెండింటికీ చుట్టరికమే లేదు, పేరు తప్ప. కృష్ణుడు నీలి అవిసె.

ఒక సభ్యుడు:
సంస్కృత నిఘంటువు అమరకోశంలో "అతసీ స్యాదుమా క్షుమా" అని మూడు పేర్లు ఒకేచోట ఉన్నాయి. అతసి, ఉమ, క్షుమ మూడూ ఆ నార మొక్కే. క్షుమ నుంచే క్షౌమం. మనం క్షౌమం అనగానే పట్టుబట్ట అని అర్థం రాసేస్తాం గానీ, మాట పుట్టుకను బట్టి అది ఈ నారబట్ట. అర్థాలు రాసేటప్పుడు ఈ మొక్కకి ఎప్పుడూ అన్యాయమే జరుగుతోంది.

పోస్టు పెట్టినావిడ:
మాస్టారూ, మీకు దండం. మరి రెండింటికీ ఒకే పేరు ఎందుకు పెట్టారు? పూర్వం వాళ్లకి కూడా తేడా తెలియలేదా?

పాత తెలుగు పిచ్చోడు:
పెట్టలేదండీ, వాటంతట అవే వచ్చి ఒకచోట కలిశాయి. ఇది నా లెక్క, ఒప్పుకోకపోతే వాదించండి.

చెట్టు అవిసెకి పాత రూపం అగిసె. నిఘంటువుల్లో అగిసె, అవిసె రెండూ కనిపిస్తాయి. తెలుగులో మాట మధ్యలో గ, వ ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చుంటాయి. చిగురు-చివురు, పగలు-పవలు, పగడం-పవడం చూడండి. అగిసె-అవిసె కూడా ఆ వరసే. సంస్కృతంలో ఈ చెట్టు అగస్తి, అగస్త్యం. మునిద్రుమం అని కూడా అంటారు, ముని అంటే అగస్త్యుడే. అగస్త్య నక్షత్రం కనిపించే రోజుల్లో పూస్తుంది కాబట్టి ఆ పేరని చెప్పుకుంటారు. తమిళులు అగస్త్యుణ్ణి అగత్తియర్ అంటారు, ఈ చెట్టుని అగత్తి అంటారు. మునికీ చెట్టుకీ అక్కడ కూడా జత కుదిరింది.

ఇక గింజల అవిసె అతసి నుంచి వచ్చింది. ప్రాకృతాల్లో మాట మధ్య త జారిపోవడం మామూలే, అతసి అయసి అయింది. త పోయిన ఖాళీలో య నిలబడింది. ఆ య మన దగ్గరికొచ్చేసరికి వ అయిందని నా ఊహ. అటునుంచి అగిసె, ఇటునుంచి అయసి బయలుదేరి ఇద్దరూ అవిసె దగ్గర ఎదురుపడ్డారు. హిందీ వాళ్ల అల్‌సీ కూడా అతసి పిల్లే.

కన్నడ కోడలు:
మా అత్తగారింట్లో ఇదే గొడవ. కన్నడంలో రెండూ అగసె. అగసె సొప్పు అంటే చెట్టు ఆకు, అగసె బీజ అంటే ఈ గింజలు. పైగా అగసె అంటే ఊరి గుమ్మం కూడా. కొత్తలో "అగసె దగ్గర నించో" అంటే చెట్టు కోసం వెతికాను. తమిళంలో మాత్రం ఈ బాధ లేదు, ఆకు అగత్తి, గింజ ఆళి.

ఇంకో సభ్యుడు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. "గుండెలవిసేలా ఏడ్చింది" అంటాం కదా, దానికీ ఈ అవిసెకీ ఏమైనా సంబంధం ఉందా? చిన్నప్పుడు అవిసె కాయ ఎండి పగిలినట్టు గుండె పగిలిందేమో అనుకునేవాణ్ణి.

పాత తెలుగు పిచ్చోడు:
ఊహ బాగుంది, వదులుకోబుద్ధి కావడం లేదు. కానీ అది క్రియ. అవియు అంటే పగలడం, బద్దలవడం. పాత పద్యాల్లో "గుండె లవిసె" అని కనిపిస్తే చెట్టు కోసం చూడకండి, గుండె పగిలిందని అర్థం. ఇప్పుడు అవిసెలు మూడయ్యాయి.

ఒక ప్రూఫ్‌రీడర్:
వరస కలిపి నా బాధ కూడా చెప్పనివ్వండి. అవిసె, అవిశె, అవిస, అవిశ. ఒకే పుస్తకంలో నాలుగు రకాలుగా దిద్దాను. ఇ, ఎ పక్కన స వస్తే చాలామంది నోట్లో అది శ వైపు జారుతుంది. చేసి అని రాసి చేశి అని పలికేవాళ్లని రోజూ వింటాం. అలా జారిన శ కాగితం మీదికి ఎక్కింది. అవిశ అనేసరికి ఏదో సంస్కృతం మాటలా గంభీరంగా కూడా ఉంటుంది, అందుకే ప్యాకెట్ల మీద అదే అచ్చవుతోంది. నేను మాత్రం అవిసె అనే దిద్దుతాను. అవిశ తప్పంటే కోర్టుకెళ్లేంత పట్టుదల నాకు లేదు.

ఒక సభ్యురాలు:
మాకు తెలిసినావిడ ఒకరు అవిసె గింజలు కొనడం ఎందుకని పెరట్లో అవిసె చెట్టు కాయలు ఎండబెట్టి, ఒలిచి, సీసా నింపేశారు. కొన్నవి పల్చగా, గోధుమరంగులో నిగనిగలాడుతుంటే ఇవి బుల్లి చిక్కుడు గింజల్లా ఉన్నాయేంటని నాకు ఫోటో పంపారు. వేయించకముందే ఆపగలిగాను. దీని వెనకాల ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్ ఉంది. "అవిసె ఆకులో ఉన్న ఒమేగా త్రీ" అని మొదలై, సగం చెట్టు గురించి, సగం గింజల గురించి చెప్పి, కింద నీలిపూల బొమ్మతో ముగిసింది.

బోటనీ మాస్టారు:
నవ్వుకున్నాను గానీ ఆవిడ తప్పేం లేదు, భాషే అలా ఉంది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పచ్చిరొట్ట ఎరువు కోసం వేసే జీలుగు కూడా సెస్బేనియాయే, మీ అవిసె చెట్టుకి చెల్లెలు వరస. ఏజెన్సీ ప్రాంతాల్లో జీలుగు చెట్టు అంటే మాత్రం కల్లు గీసే తాటి జాతి చెట్టు. జీలుగు గురించి రాసేముందు ఏ జీలుగో చెప్పకపోతే ఎరువు బదులు కల్లు వస్తుంది.

అవిసెలో ఒక చిన్న సౌకర్యం ఉంది, గమనించారా? ఆకు అంటే చెట్టే, నార మొక్క ఆకుని ఎవరూ కూర వండరు. గింజ అంటే నార మొక్కే. తోడుమాటే తేడా చెప్పేస్తుంది. పువ్వు దగ్గరే తంటా. రెండూ పూస్తాయి, రెండూ అందంగానే ఉంటాయి. శ్లోకం సరిగ్గా అక్కడే పట్టుకుంది.

ఒక సభ్యుడు:
చెట్టు పువ్వుకి కూడా పేర్ల విషయంలో అదృష్టం ఎక్కువే. వంపు తిరిగిన ఆ మొగ్గని చూసి మనవాళ్లు శుకనాసం అన్నారు, చిలుక ముక్కు. బెంగాలీలో బక్‌ఫూల్, కొంగపువ్వు. ఇంగ్లీషులో హమ్మింగ్‌బర్డ్ చెట్టు. ఆ హమ్మింగ్‌బర్డ్ అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు, చెట్టేమో ఆగ్నేయాసియా వైపుది. చిలుకే న్యాయంగా ఉంది.

పోస్టు పెట్టినావిడ:
అందరికీ థాంక్స్. పుస్తకంలో "అవిసె" ముందు పెన్నుతో "నీలి" అని చేర్చాను. మా అమ్మాయికి నార అవిసె పువ్వు ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, "ఇది లేత నీలం కదమ్మా, కృష్ణుడు ఇంకా నలుపు కదా" అంది. దీనికి కూడా ఎవరైనా ఉన్నారా?