కంబాలకొండలో పొద్దున్నే నడక, చిన్నపిల్లతో వెళ్లొచ్చా?

విశాఖపట్నం మధురవాడ నుంచి అడుగుతున్నాను. ఆదివారం మా ఎనిమిదేళ్ల పాపతో ఇక్కడి కంబాలకొండ అభయారణ్యానికి వెళ్దామనుకుంటున్నాం, కానీ చిరుతలున్నాయని మా అత్తగారికి ఒకటే టెన్షన్. నిజంగా జంతువులు కనిపిస్తాయా, లేక చెట్లు చూసి రావడమేనా?

జవాబు 1:
చిరుతలు ఉన్న మాట నిజమే. కానీ నేను పదిసార్లు వెళ్లినా తోక కూడా చూడలేదు, అదే మంచిదిలెండి. కణుజులు (సాంబార్ జింకలు), ఒంటి నిండా పొలుసులుండే అలుగులు కూడా ఉన్నాయి గానీ అలుగు రాత్రి తిరిగేది, పగలు ఆశ పెట్టుకోకండి. పిట్టల కోసమే వెళ్లండి. పోయిన నెల వెదురు పొద దగ్గర తెల్లటి పొడుగు తోకతో ఒక పిట్ట రిబ్బన్ ఊపినట్టు ఎగిరి, మళ్లీ అదే కొమ్మ మీద వాలింది. మా వాడు నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

జవాబు 2:
పాపకి కథ కూడా చెప్పండి. ఒకప్పుడు ఈ అడవి విజయనగరం రాజులది, తర్వాత అటవీశాఖ చేతికొచ్చింది. దాదాపు 70 చదరపు కిలోమీటర్లు, ఎక్కువగా ఆకు రాలని పొడి అడవి. హైవే దాటితే జూ. అక్కడ బోనులో చూసేదీ ఇక్కడ పొదలో వెతికేదీ ఒకటి కాదు!

జవాబు 3:
ఓపికుంటే అటు నుంచి భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కండి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు, అవి బౌద్ధ భిక్షువుల కాలం నాటివి. నీళ్ల సీసా మాత్రం మరవకండి, పైన ఎండ మాడ్చేస్తుంది.

అడిగినవారు:
థాంక్సండీ. అత్తగారు కూడా వస్తానంటున్నారు ఇప్పుడు!