కొనకుండా, ఇచ్చిపుచ్చుకుంటూ ఇల్లు నడపడం మీ దగ్గర ఎలా సాగుతోంది?

ప్రశ్న: కూకట్‌పల్లి_అమ్మ
అందరికీ నమస్తే. పాప పుట్టాక నేను ఉద్యోగం మానేశాను. ఒక్క జీతంలో అద్దె, పాలు, చిట్టీ పోగా నెలాఖరుకి చేతిలో ఏమీ ఉండటం లేదు, రోజూ అదే టెన్షన్. అందుకని పాప వస్తువులు, బాబు రెండో తరగతి పుస్తకాలు, చిన్నచిన్న ఇంటి సామాన్లు వీలైనంతవరకు కొనకుండా తెలిసినవాళ్ళ దగ్గర తీసుకుని, మాకు అక్కర్లేనివి వాళ్ళకిచ్చి గడపాలనుకుంటున్నా. నాకు జాకెట్లు కుట్టడం బాగా వచ్చు, అది బదులుగా చేసిపెట్టగలను. మా అత్తయ్య మాత్రం "ఒకరు వాడి వదిలేసినవి పిల్లకెందుకు" అని బాధపడుతున్నారు. ఇలా చేస్తున్నవాళ్ళుంటే చెప్పండి, ఎలా అడగాలి, ఏవి తీసుకోవచ్చు, ఏవి వద్దు?

బెజవాడ_పిన్ని
అమ్మా, అత్తగారితో మెల్లగా చెప్పు, పురిట్లో బిడ్డకి ముందు తొడిగేది పాత బట్టే కదా. పొత్తిళ్ళకి మెత్తబడ్డ నూలు చీరలు వెతికేది ఆవిడ తరంవాళ్ళే.

అడగడం విషయానికొస్తే, "ఏమైనా ఉంటే ఇవ్వండి" అంటే ఎవరూ కదలరు. వస్తువు పేరు, ఎన్నాళ్ళకి కావాలో, తిరిగి ఇస్తావో లేదో ముందే చెప్పాలి. "ఉయ్యాల స్టాండు కావాలి, ఆర్నెల్లు వాడి ఇచ్చేస్తాను" అని చూడు, అటకమీద పడున్నది ఎవరో ఒకరికి గుర్తొస్తుంది. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో తీసుకునేవాళ్ళే వచ్చి పట్టుకెళ్ళాలి, రెండ్రోజుల్లో రాకపోతే తర్వాత అడిగినవాళ్ళకి. పక్కింటావిడ మావాడికి లెక్కలు చెబుతుంది, నేను ఆవిడకి దోసెలపిండి రుబ్బిస్తాను, ఏళ్ళుగా ఇదే. కుట్టుపని మాత్రం ముందే తేల్చుకో, ఏ వస్తువుకి ఎన్ని జాకెట్లు, లైనింగు గుడ్డ ఎవరిది అని. మొహమాటపడితే రాత్రిళ్ళు కూర్చుని కుట్టేది నువ్వే.

పుస్తకాలకి ముందు స్కూలు లిస్టు చూడు, ప్రైవేటు స్కూళ్ళు పబ్లిషర్‌ని మార్చేస్తుంటాయి. పరీక్షలు అయిన వెంటనే పై తరగతి పిల్లల అమ్మల్ని అడగాలి, ఆలస్యమైతే పాత పేపర్లవాడి బండెక్కుతాయి. కథల పుస్తకాలకైతే పాతవి అమ్మే చోట్లు మాకు లెనిన్ సెంటరుంది, మీకు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌లున్నాయి.

సియాటిల్_నుంచి
ఇక్కడ మేం 'బై నథింగ్' గ్రూపులో ఉన్నాం. 2013లో ఈ పక్కనే ఉన్న బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో ఇద్దరు ఆడవాళ్ళు మొదలుపెట్టారు, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. అమ్మకం లేదు, మార్పిడి కూడా లేదు, ఇస్తే ఊరికే ఇవ్వడమే. కొత్తగా వచ్చిన మనవాళ్ళు చాలామంది మంచం, బల్ల దగ్గర్నుంచి ఇలాగే సమకూర్చుకుంటారు. నాకు నచ్చేది ఏంటంటే మన వీధివాళ్ళే కాబట్టి ఇచ్చినవాళ్ళు రేపు ఎదురుపడతారు, దాంతో పాడైన వస్తువు అంటగట్టడానికి ఎవరికీ మనసొప్పదు. మీరూ ఊరంతటికీ కాకుండా మీ కాలనీ వరకే పెట్టుకోండి.

నిజాంపేట_09
మా దగ్గర ఉయ్యాల స్టాండు, కొత్తగానే ఉన్న స్నానం టబ్బు ఉన్నాయి. మా ఆవిడకి రెండు జాకెట్లు కుట్టిపెడితే చాలంటోంది. మెసేజ్ పెట్టండి.

కూకట్‌పల్లి_అమ్మ
@నిజాంపేట_09 అన్నయ్యా, తప్పకుండా! ఆది జాకెట్టు ఇవ్వమనండి, లైనింగు నేనే వేస్తా.

జహీరాబాద్_రైతుబిడ్డ
అక్కా, మా దిక్కు ఆడవాళ్ళు విత్తనాలతో ఈ పని చేస్తున్నారు. 1983 నుంచి ఉన్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న చిన్న చెలకలవాళ్ళు. కొర్రలు, సామలు, పచ్చజొన్నలు, కందులు ఎవరికి లేకుంటే వాళ్ళు సంఘం విత్తన బ్యాంకులో తీసుకుంటారు, కోతలయ్యాక తీసుకున్నదానికన్నా ఎక్కువ, మామూలుగా రెండింతలు, తిరిగి పోస్తారు. బూడిద, వేపాకు కలిపి గంపల్లో దాచిపెడతారు. 2019లో వీళ్ళకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ అవార్డు వచ్చింది. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్లమీద పాత పంటల జాతర మొదలవుతుంది, వీలైతే వచ్చి చూడండి.

ఎందుకు చెబుతున్నానంటే, అక్కడ చేతిలో పైసా లేని మనిషి కూడా ఇచ్చే మనిషే, ఎవరూ చెయ్యిచాచినట్టు ఉండరు. తిరిగి పోసేటప్పుడు కొంచెం ఎక్కువ పోస్తారు కాబట్టే గంప ఖాళీ కాలేదు. మీ గ్రూపులో కూడా తీసుకున్నవాళ్ళు ఏదో ఒకటి మళ్ళీ పెట్టాలన్న పద్ధతి ఉంచండి, అదే వస్తువు కానక్కర్లేదు.

రిపేరు_రాంబాబు
ఏవి వద్దు అన్నారు కదా. హెల్మెట్ వద్దు, ఒకసారి దెబ్బతిన్నది బయటికి బాగానే కనపడుతుంది గానీ లోపలి థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది. గ్యాస్ స్టౌ తీసుకోవచ్చు, ట్యూబు మాత్రం కొత్తది వేయించండి, అది ఎలాగూ ఐదేళ్ళకి మార్చాల్సిందే. కుక్కర్ తీసుకుంటే గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ కొత్తవి పెట్టండి. దూదిపరుపు, సోఫా తీసుకునేముందు కుట్ల దగ్గర నల్లులున్నాయేమో ఎండలో చూడండి, ఇంట్లో చేరాయంటే వదిలించుకోవడం నరకం.

పాత ఫోన్ ఎవరిచ్చినా, తెలిసినవాళ్ళయినా సరే, *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు (ఆ ఫోన్ గుర్తింపు నంబరు) చూసి, ఇంగ్లీషులో కేవైఎం అని కొట్టి ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ చేయండి. దొంగ ఫోనని బ్లాక్ చేసి ఉంటే తెలిసిపోతుంది. మీ పాత ఫోన్ ఇచ్చేటప్పుడు ముందు గూగుల్ అకౌంట్ తీసేసి ఆ తర్వాతే రీసెట్ కొట్టండి, లేకపోతే తీసుకున్నవాళ్ళు పాస్‌వర్డ్ కోసం మళ్ళీ మీ చుట్టూ తిరగాలి.