ప్రాజెక్ట్ మేనేజర్లకు ఆన్‌లైన్‌లో టైమ్ మేనేజ్‌మెంట్ శిక్షణ: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీ ట్రైనింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. 24 మంది ప్రాజెక్ట్ మేనేజర్లకు నాలుగు వారాల ఆన్‌లైన్ శిక్షణ తయారుచేయాలి. పోయినసారి ఒకే రోజు ఆరు గంటలు పెట్టాం. భోజనాల తర్వాత సగం మంది కెమెరాలు ఆపేసి మెయిళ్లు చూసుకున్నారు. వాళ్లనీ తప్పు పట్టలేను, సాయంత్రం నుంచి అందరికీ అమెరికా కాల్స్. ఈసారి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

మొదటి జవాబు:
నేను చాలా ఏళ్లు ప్రాజెక్టులు నడిపి తర్వాత శిక్షణ వైపు వచ్చాను. ముందే స్లైడ్లు తయారుచేయకండి. మొదటి వారం పాఠమే వద్దు. ఐదు పని రోజులు అరగంటకొకసారి ప్రతి ఒక్కరూ మూడు గడులు నింపాలి: ఏం చేద్దామనుకున్నాను, ఏం చేశాను, ఆ పని ఎవరు అడిగితే చేశాను. మూడో గడి చాలా ముఖ్యం. నా టైమంతా క్లయింటే తినేస్తున్నాడని నేను అనుకునేదాన్ని. రాసి చూస్తే, ఒకే స్టేటస్‌ని రిపోర్టులో ఒకసారి, మెయిల్లో ఒకసారి, మీటింగులో ఇంకోసారి చెబుతున్నాను. మేనేజర్ టైము సగం ఇతరుల చేతిలో ఉంటుందండీ. తెల్లవారుజామున లేవండి, జాబితా రాసుకోండి అంటే వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

రెండో వారం అంచనాల మీద పెట్టండి. అన్నీ కలిసొస్తే 4 రోజులు, మామూలుగా 6, అడ్డం తిరిగితే 14 అనుకుందాం. మామూలు అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 7 వస్తుంది. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పని కోసం తెచ్చిన పెర్ట్ పద్ధతి లెక్క ఇది. ఉదాహరణలు పుస్తకాల్లోంచి తీయొద్దు. వాళ్లు ముగించిన ప్రాజెక్టుల్లో అనుకున్న రోజులు, పట్టిన రోజులు పక్కపక్కన పెట్టించండి. తర్వాతి అంచనాకి అదే ఆధారం.

రెండో జవాబు:
వేళ గురించి ఒక మాట. మన గడియారం మారదు, న్యూయార్క్‌ది మారుతుంది. అక్కడ ఉదయం 9 అంటే మనకి వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. నవంబర్ మొదటి ఆదివారం, మార్చి రెండో ఆదివారం ఈ మార్పు వస్తుంది. మీ నాలుగు వారాల మధ్యలో అది పడకుండా చూసుకోండి. రాత్రి 10 దాకా కాల్‌లో ఉన్నవాళ్లని పొద్దున్నే 9కి పిలవకండి. 11 గంటలకి 45 నిమిషాలు చాలు, వారానికి రెండుసార్లు. సోమవారాలు, నెలాఖరు వదిలేయండి.

అడిగినవారు:
చాలా థాంక్సండీ. పొమొదొరో పెట్టమంటారా? ఇంకొకటి, ఫలితం ఏదని మా డైరెక్టర్ అడుగుతారు. ఆ టెన్షన్ నాకు ఎక్కువగా ఉంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
పొమొదొరో, అంటే 25 నిమిషాలు కదలకుండా పని, 5 నిమిషాలు విరామం అనే పద్ధతి, కోడ్ రాసేవాళ్లకి బాగా పనికొస్తుంది. మేనేజర్‌కి పదినిమిషాలకో ఫోన్. అందుకే రోజుకి ఒక్కసారి, రిస్క్ రిజిస్టర్ (ప్రాజెక్టుకు రాగల ఇబ్బందుల జాబితా) రాయడం లాంటి పనికి వాడమనండి. దానికంటే టీమ్ సందేహాలకి రోజూ ఒక నిర్ణీత గంట పెట్టించండి. నాకు ఎక్కువ మేలు చేసింది అదే.

ఫలితానికి క్విజ్ మార్కులు చూపించకండి. శిక్షణ అయిన నెలకి, మొదటి వారం నింపిన ఆ మూడు గడుల పట్టికే మళ్లీ ఒక వారం నింపించి, రెండూ పోల్చండి. డైరెక్టర్‌కి మొత్తం లెక్క మాత్రమే ఇవ్వండి. ఎవరి పట్టికా వాళ్ల పై అధికారికి వెళ్లకూడదు, ఆ మాట మొదటి రోజే ఇవ్వండి. వెళ్తుందని తెలిస్తే ఎవరూ నిజం రాయరు.

అడిగినవారు:
పట్టికలు ఎవరికీ పంపకూడదని డైరెక్టర్‌తో ముందే ఒప్పించుకుంటాను. ఆ తర్వాతే 24 మందికీ మెయిల్ పెడతాను.