స్పేస్ స్టేషన్ 13లో ట్రామ్ మళ్లీ రాస్తున్నాం, కుదుపులు పోవట్లేదు. సాయం చేయండి

అందరికీ నమస్కారం. ఫ్రెండ్స్‌మి కలిసి స్పేస్ స్టేషన్ 13 అనే మల్టీప్లేయర్ గేమ్‌కి సొంత సర్వర్ నడుపుతున్నాం. పాత షటిల్ (స్టేషన్‌కి వచ్చిపోయే నౌక), ట్రామ్ (స్టేషన్ లోపల తిరిగే బండి) కోడ్ అతుకుల బొంతలా ఉందని బియాండ్ (ఈ గేమ్ నడిచే ఇంజిన్) వాళ్ల కోడ్ టూల్ డ్రీమ్ మేకర్‌లో మొదటి నుంచీ రాస్తున్నాం.

షటిల్‌తో పేచీ లేదు. అది నిజంగా ఎగరదు కదా! ఒక డాక్‌లోని (షటిల్ ఆగే చోటు) టైల్స్‌ని (మ్యాప్ గళ్లు) మీదున్న వాటితో సహా ఎత్తి ఇంకో డాక్‌లో పెట్టేస్తే సరి.

తలనొప్పంతా ట్రామ్‌దే. అది అందరి కళ్లముందే ఒక్కో టైల్ జరగాలి. ప్రతి అడుగుకీ లోపలి మనుషులు, డబ్బాలు, నేల మీద పడ్డ స్పానర్‌తో సహా అన్నిటినీ లూప్‌లో జరుపుతున్నాం. ఎవరైనా చెత్తంతా తెచ్చి ట్రామ్‌లో పోస్తే (పోస్తారు, మనవాళ్లు ఊరుకోరు) సర్వర్ టిక్ (ఒక్కో అప్‌డేట్‌కి దొరికే సమయం) సరిపోక బండి నత్తనడకే. పైగా ట్రామ్‌కీ మనిషికీ గ్లైడ్ సైజ్ (టిక్‌కి ఎన్ని పిక్సెల్స్ జరిగినట్టు కనిపించాలో చెప్పే విలువ) ఒకటే పెట్టినా, అతను లోపల రెండడుగులు వేయగానే ఆ విలువ మారిపోయి వెనక్కి జారినట్టు కనిపిస్తున్నాడు.

ఇదే గేమ్‌ని వేరే ఇంజిన్‌లో మళ్లీ చేసిన స్పేస్ స్టేషన్ 14లోలా షటిల్ మొత్తం ఒక గ్రిడ్ (ఒకే ముక్కగా కదిలే టైల్స్) అయి, లోపలివన్నీ దాంతోపాటే కదిలే సుఖం బియాండ్‌లో లేదు. ట్రామ్ ఆగేదాకా మనిషి గ్లైడ్ సైజ్ మారకుండా లాక్ చేయడం మంచిదేనా? విడి వస్తువుల్ని ఏం చేస్తే లోడ్ తగ్గుతుంది? ఇంజిన్ మార్చేయమని మాత్రం చెప్పకండి, ప్లీజ్.