రిహార్సల్‌లో ప్రతిసారీ అదే చోట ఆగిపోతున్నాం, తప్పు ఎవరిది?

కొత్త కండక్టర్:
అందరికీ నమస్తే. 24 మంది కలిసి పాడే క్వైర్‌ని (బృందగాన జట్టుని) ఆరు నెలలుగా నడిపిస్తున్నాను. వారానికి ఒక్క రిహార్సల్, రెండు గంటలు. మొదటి బార్ (తాళం ఒక చుట్టు) నుంచి మొదలుపెడతాం, మూడో పేజీలో సొప్రానోలు (అందరికంటే పై స్వరాలు పాడే ఆడవాళ్ళు) తప్పుతారు, ఆపుతాను, నేనే పాడి చూపిస్తాను, మళ్ళీ మొదటి నుంచి. నేను వాళ్ళతో కుస్తీ పడుతుంటే బాస్ వాళ్ళు (అడుగు స్వరాలు పాడే మగవాళ్ళు) ఫోన్లు తీస్తారు. పైగా కీబోర్డ్ లేకుండా పాడితే పాట అయ్యేసరికి ఒక సెమిటోన్ (కీబోర్డ్‌లో పక్క మెట్టుకి ఉండే దూరం) కిందికి దిగిపోతున్నాం. మొన్న గట్టిగా అరిచేశాను, ఇంటికొచ్చాక సిగ్గేసింది. మారాల్సింది వాళ్ళా, నేనా?

పాత చెయ్యి:
ముందు మీరే, ఏమీ అనుకోకండి. నేనూ ఏళ్ల తరబడి ఇలాగే చేశాను. ఎప్పుడూ మొదటి నుంచే ఎత్తుకుంటే మొదటి పేజీ అందరికీ నిద్రలో కూడా వస్తుంది, చివరి పేజీ మాత్రం కచేరీ రోజున కూడా కొత్తగానే ఉంటుంది. తప్పే ఆ నాలుగు బార్లతోనే మొదలుపెట్టండి, సగం వేగంలో. అవి కుదిరాక ముందున్న రెండు బార్లు కలపండి, ఎందుకంటే చాలాసార్లు కష్టం ఆ చోట కాదు, ఆ చోటికి చేరడంలో ఉంటుంది. ఇంకోటి, వాళ్ళతో పాటు మీరూ పాడుతుంటే మానేయండి, మీ గొంతు మోగుతుంటే పక్కవాళ్ళవి మీకేం వినిపిస్తాయి? ఆపిన ప్రతిసారీ ఒక్క విషయమే చెప్పండి. ఏం మార్చాలో చెప్పకుండా "మళ్ళీ ఒకసారి" అంటే అదే తప్పును ఇంకోసారి సాధన చేయించినట్టే. వార్మప్ ఐదు నిమిషాలు చాలు.

ఆల్టో లైన్:
ఐదు నిమిషాలంటే ఒప్పుకోను. పని నుంచి నేరుగా వచ్చేవాళ్ళకి గొంతు దారిలోకి రావడానికే పది నిమిషాలు పడుతుంది. కాకపోతే ఊరికే స్కేళ్ళు పాడించే బదులు ఆ రోజు పాటలో ఇబ్బంది పెట్టే స్వరాలనే వార్మప్‌గా చేయిస్తే రెండు పనులూ అవుతాయి. ఇక ఫోన్ల సంగతి. పావుగంట ఖాళీగా కూర్చోబెడితే నేనూ ఫోన్ తీస్తానండీ! సొప్రానోలని సరిచేసేటప్పుడు మిగతావాళ్ళని వాళ్ళ లైన్ నోరు మూసి హమ్ చేయమనండి, మాకూ పని ఉంటుంది, వాళ్ళకీ ఆసరా దొరుకుతుంది. మా వైపు తప్పులూ ఉన్నాయి, కాదనను. సొంత పార్ట్ ఇంట్లోనే నేర్చుకుని రావాలి, పెన్సిల్ తెచ్చుకుని చెప్పింది రాసుకోవాలి, మాలో సగం మంది రాసుకోరు. అరిచినందుకు మాత్రం రాగానే ఒక్క వాక్యంలో సారీ చెప్పేయండి, సాగదీయొద్దు.

శ్రుతి పిచ్చోడు:
శ్రుతి దిగిపోవడం బద్ధకం వల్ల కాదు. ఒకే స్వరం వరుసగా వచ్చినచోట కొంచెం కొంచెంగా జారుతుంది, కిందికి దిగేటప్పుడు అడుగు పెద్దగా, పైకెక్కేటప్పుడు చిన్నగా పడుతుంది, ఊపిరి అయిపోయే వాక్యం చివర్లలో ఇంకా ఘోరం. పొడవైన వాక్యాల్లో అందరూ ఒకేచోట కాకుండా వంతులవారీగా ఊపిరి తీసుకోమనండి. కీబోర్డ్‌ని ఊతకర్రలా వాడొద్దు కూడా. దాని మేజర్ థర్డ్ (స నుంచి గ వరకు ఉండే దూరం) సహజమైన దానికంటే దాదాపు 14 సెంట్లు ఎక్కువ ఉంటుంది (సెమిటోన్ అంటే 100 సెంట్లు), కాబట్టి కార్డ్‌ని (కలిసి మోగే స్వరాలని) పట్టి ఉంచి చెవులతోనే సర్దుకోవడం నేర్పాలి. లయ కోసమైతే మాటలు తీసేసి అంకెలతో, మెల్లగా పాడించి చూడండి. అమెరికన్ కండక్టర్ రాబర్ట్ షా ఈ పద్ధతికే పేరుపొందాడు: "వన్ అండ్ టూ అండ్ టీ అండ్ ఫోర్ అండ్". త్రీ అంటే నాలుక తడబడుతుందని టీ. ఎవరు ముందుకు పరిగెత్తుతున్నారో రెండు బార్లలో దొరికిపోతారు.

కొత్త కండక్టర్:
నిన్నటి రిహార్సల్ ఫోన్‌లో రికార్డ్ చేసి విన్నాను. మొదటి 20 నిమిషాల్లో 11 నిమిషాలు నా గొంతే. ఇంకో సంగతి, ఆ మూడో పేజీలో అసలు తప్పేది టెనర్లు (పై స్వరాలు పాడే మగవాళ్ళు), ముందు బార్‌లోనే స్వరం తక్కువ పట్టుకుంటున్నారు. సొప్రానోలు పాపం వాళ్ళని విని అందుకుంటున్నారు. సొప్రానోలతో పాటు పాడుతూ ఆరు నెలలూ ఇది వినలేదు నేను.

ఆల్టో లైన్:
అయితే సారీ రెండు వాక్యాలు చెప్పొచ్చు.